బురుజు మన్ను

మొన్న ట్రాక్టరు దున్నుతుంటే మా చేలో ఇనప గుండు ఒకటి బయటపడింది. కొబ్బరికాయంత ఉంది. తుప్పు పట్టి పెచ్చులు లేచిపోతోంది. అది ఖంగుమని తగిలేసరికి డ్రైవరు బాంబు అనుకుని దూకి పరుగెత్తాడట. మా మనవడు దాన్ని గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చి నా మంచం కింద దొర్లించాడు. వాడు ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇనుము గురించి తనకు తెలియనిది లేదని వాడి నమ్మకం.

"అవ్వా, ఇది ఫిరంగి గుండు. మన చేలో యుద్ధం గాని జరిగిందా ఏంది?" అన్నాడు.

"చేలో కాదురా, బురుజు కాడ జరిగింది. నేను పుట్టకముందు ఒకటి, పుట్టినాక ఒకటి. రెండోది నేను చూసినా" అన్నాను.

వాడు నవ్వి ఫోను చూసుకుంటూ పోయాడు. ముసలిదానికి మతి తప్పిందనుకున్నాడు. నా మతికేమీ కాలేదు. ఆ గుండును చూడగానే ఎప్పుడో పోయిన దొర వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, అంతే. ఆయన అట్లాగే వచ్చేవాడు, చెప్పకుండా, గొంగడి చంకలో పెట్టుకుని.

ఊరంతా ఆయన్ని దొర అనేది. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు, కాబట్టి నేనూ చెప్పను. దొర అనగానే మేడలూ గుర్రాలూ అనుకునేరు. ఒక మట్టిమిద్దె, రెండు పాడి ఎనుములు, వాన పడితే ఉలవలు పండే మెట్టచేను, ఇదీ ఆయన రాజ్యం. వాళ్ళ పెద్దలు పాళెగాళ్ళు. చుట్టూ ఉన్న ఊళ్ళకు కాపలా వాళ్ళదే, తీర్పు వాళ్ళదే. కంపెనీవాడు ఫిరంగులు తెచ్చి వాళ్ళ మట్టికోటను కూల్చాడు. ఒక్క బురుజు మాత్రం మిగిలింది. దాని కడుపులో ఒక గూడు, గూట్లో అమ్మవారి రాయి. సిపాయిలకు ఆ అమ్మ అంటే భయం వేసిందని మా అత్త చెప్పేది. బురుజును వదిలేసి పోతూ పోతూ కంపెనీవాడు ఒక హుకుం పెట్టిపోయాడు. ఆ కోట మీద ఎవడూ పిడికెడు మన్ను పెట్టకూడదు, పెడితే జైలు.

మట్టి కట్టడం సంగతి తెలిసినవాళ్ళకు ఆ హుకుంలో ఉన్న విషం తెలుస్తుంది. ఏటా వానలకు ముందు మన్ను మెత్తకపోతే బురుజు పొరలు పొరలుగా జారిపోతుంది. ఫిరంగి చేయలేని పని వానతో చేయించాలని వాడి ఎత్తు.

మా ఊరు తక్కువ తిన్నదా? అమ్మవారికి మన్ను మొక్కు పెట్టుకుంది. బిడ్డకు జ్వరం తగ్గితే ఒక ముద్ద, ఎనుము ఈనితే ఒక ముద్ద, కోడలు కాపురానికి వస్తే ఒక ముద్ద. వానలకు ముందు వచ్చే అమావాస్యనాడు ఊరు ఊరంతా ఎర్రమన్నులో గడ్డి వేసి తొక్కి, ముద్దలు చేసి, బురుజుకు కొట్టి అరచేత్తో అద్దేది. పెనుకొండ నుంచి తెల్లదొర గుర్రమెక్కి వచ్చి, దీన్ని ఎవడు బాగుచేశాడని గద్దించేవాడు. పాళెగాళ్ళ ఇంటాయన చేతులు కట్టుకోకుండానే, "ఎవురూ బాగుచేయలే సామీ, అమ్మకు మొక్కు తీర్చుకున్నారు. అమ్మను జైలుకు తోలుకపోతారా?" అనేవాడు. అమ్మను జైల్లో పెట్టే చట్టం వాడి దగ్గర లేదు. తండ్రి తర్వాత కొడుకు అదే జవాబు చెబుతూ వచ్చారు. మా దొర కూడా చెప్పాడు. అందుకే ఆ బురుజు పైనుంచి కిందిదాకా అరచేతి గుర్తులే ఉండేవి.

దొర మనిషి పొడుగు, బక్కపలచన. తలకు ఎప్పుడో ధర్మవరంలో నేసిన పట్టు రుమాలు, పోగులు లేచి దాని అసలు రంగేమిటో ఆ నేసినవాడు కూడా చెప్పలేనట్టు ఉండేది. ఎవరికీ రెండు చేతులు జోడించేవాడు కాదు. కుడి అరచేయి ఎత్తి చూపేవాడు, అంతే. పొద్దున బురుజు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు. కంపెనీవాడి గుండ్లు ఒకటి రెండు ఆ మట్టిలోనే దిగబడి ఉండేవి. వాటిని ఎనుము నొసలు తట్టినట్టు తట్టి, "పాపం మర్చిపోయి పోయినాడు. అడగనొస్తే ఇచ్చేస్తాం" అనేవాడు. రోజూ అదే మాట, రోజూ కొత్తగా నవ్వేవాడు. మాకే విసుగు వచ్చేది.

గొంగడి సంగతి చెప్పాలి. తెల్లవాళ్ళ రోజుల్లో పాళెగాళ్ళ ఇళ్ళవాళ్ళు పెనుకొండ బంగళాకు పోయి కనపడి రావాలట. కోట పోయినా తెల్లవాళ్ళకు వీళ్ళంటే భయం పోలేదు మరి. అక్కడ వాళ్ళకు కుర్చీ వేయరు. నిలబెట్టి మాట్లాడి పంపుతారు. మా మామ బండి తోలుకుని దొరతో పోయాడు కాబట్టి కళ్ళారా చూశాడు. తెల్లదొర కుర్చీలో వెనక్కి వాలి ఏదో అడగబోతుండగా మా దొర చంకలోని గొంగడి తీసి నేలమీద పరిచి, దర్జాగా బాసింపట్లు వేసుకుని కూర్చున్నాడట. 

"లేసి నిలబడు" అన్నాడు తెల్లదొర.

"కుర్చీ నీది, నువ్వు కూసో. నేల మాది, నేను కూసుంటా" అన్నాడు మా దొర.

దానికి ఏం శిక్ష వేశారని నేను మా మామను అడిగాను. "ఏమేస్తారమ్మా? నేలమీద కూసుండేదానికి గూడా కేసు పెడితే దేశంలో ఎవుడు మిగుల్తాడు?" అన్నాడు మా మామ. మళ్ళీ పిలిచినప్పుడు బంగళావాళ్ళే దొరను అరుగుమీద మాట్లాడించి పంపేశారట, లోపలికి రానీయకుండా. అప్పటినుంచి ఆయన ఎక్కడికి పోయినా గొంగడి చంకలోనే.

ఇంత మొండి ఊరు ఒకే ఒక్కసారి మోసపోయింది. స్వరాజ్యం వచ్చినప్పుడు. మనవాళ్ళ రాజ్యం వచ్చింది, హుకుం పోయింది, ఇంక మొక్కు సాకు మనకెందుకు, సర్కారే మేస్త్రీలను పెట్టి బురుజును రాతితో కట్టిస్తుంది అని ఊరంతా నమ్మింది. అమావాస్య వచ్చింది, పోయింది, ఒక్కరూ మన్ను తొక్కలేదు. ఆ మరుసటేడూ తొక్కలేదు. మేస్త్రీలు రాలేదు. వాన మాత్రం వచ్చింది. పడమటి పక్క సగం బురుజు ఒక్క మధ్యాహ్నంలో కూర్చుండిపోయింది. దొర పెనుకొండకు పోయి అడిగితే, ఆ స్థలం సర్కారు పోరంబోకు, పాత హుకుం పాత హుకుమే అన్నారట.

ఆయన తిరిగివచ్చి కూలిన మట్టిమీద కూర్చుని ఊరిని తిట్టిన తిట్లు నేను వినలేదు, అప్పటికింకా నేను ధర్మవరంలో మగ్గం ముందు ఉన్నాను. కానీ మా అత్త ఒక్కటీ మర్చిపోకుండా అప్పజెప్పింది. "తెల్లోడు ఉన్నన్నాళ్ళు నిలబెట్టుకుంటిరి గదరా! మనోడు వస్తానే పండుకుంటిరి!" అనేది అందులో రాయదగ్గ తిట్టు.

మళ్ళీ మన్ను తొక్కడం మొదలైన ఏడాదే నేను కాపురానికి వచ్చాను. కాళ్ళ పారాణి ఆరకముందే మా అత్త నన్ను బురుజు దగ్గరికి లాక్కుపోయింది. నేను పట్టు దారం పట్టిన చేతులదాన్ని, మన్ను అంటే మొహం చిట్లించాను. దొర చూశాడు.

"ఏమ్మే ధర్మవరం పిల్లా, మన్నంటే అసియ్యమా? తినే సంగటి యాడినుంచి వచ్చిందనుకున్యావు?"

నాకు రోషం వచ్చింది. ముద్ద తీసుకుని అమ్మ గూటి పక్కన ఎంత బలంగా కొట్టానంటే ఆయన రుమాలు మీద చింది పడింది. ఆయన నవ్వాడు. "ఇది నిలబడుతుందిలే" అన్నాడు. మన్ను గురించో నా గురించో నాకు తెలియదు.

ఆ బురుజు మన్ను విషయంలో ఆయనంత పిసినారి ఇంకొకరు లేరు. పాతగోడల మన్ను చేనుకు మంచి ఎరువని మా సీమలో అందరికీ తెలుసు. మా ఆయన ఒకసారి కూలిన పక్కనుంచి ఒక గంప మన్ను తెచ్చి వంకాయ మడిలో చల్లాడు. పొద్దు పొడవకముందే దొర మా వాకిట్లో ఉన్నాడు.

"ఏమప్పా, అమ్మ ఒంటిమీది చీర ఇప్పుకోనొచ్చి నీ వంకాయలకు కట్టినావా?"

మా ఆయన చేతనే చల్లిన మన్నును చాటతో ఎత్తించి, గంపకెత్తించి, ఊరంతా చూస్తుండగా నెత్తిన మోయించి తిరిగి బురుజుకు మెత్తించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక గంప మన్నుకు మొగుణ్ణి వీధిలో అట్లా నడిపిస్తాడా అని కొన్ని నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం మా వాకిలి ముందు పోతూ రోజూ అరచేయి ఎత్తి చూపి పోయేవాడు.

మళ్ళీ మాట్లాడింది పంచాయితీలో, ఆయనే నన్ను మాట్లాడమంటే. ఊళ్ళో తగాదా వస్తే పెనుకొండ కోర్టుకు పోయేవాళ్ళు తక్కువ, దొర దగ్గరికే వచ్చేవాళ్ళు. గొంగడి పరుచుకుని కూర్చుని, మొదట అందరినీ మాట్లాడమనేవాడు. ఆడవాళ్ళను, కూలివాళ్ళను, ఊరవతల వాడలోవాళ్ళను, అందరినీ. ఎవరైనా పెద్దమనిషి అడ్డం వస్తే, "నోరు నీకొక్కనికే పెట్టినాడా దేవుడు? గమ్మునుండు" అనేవాడు. తను చివర మాట్లాడేవాడు. చివర కూడా ఒక మాట తప్పక చెప్పేవాడు.

"నాకు అధికారం లేదప్పా. మీరు ఇంటే ఉండాది, ఇనకుంటే లేదు."

ఆ మాట విన్నప్పుడు నా కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా కాదు.

తర్వాత రోడ్డు వచ్చింది. అరవైల్లో, వరసగా వానలు ఎగ్గొట్టిన రోజుల్లో. పెనుకొండ నుంచి మా ఊరి మీదుగా రోడ్డు వేస్తామన్నారు. మంచిదే, ఎవరు వద్దన్నారు? రోడ్డు కట్టకు మన్ను కావాలి. బురుజు సర్కారు పోరంబోకులో ఉంది. దాన్ని తవ్వి పోసుకోమని హిందూపురం కాంట్రాక్టరుకు చెప్పేశారు.

దొర పెనుకొండ ఆఫీసుకు పోయాడు. ఈసారి బండి తోలింది మా ఆయన, పుట్టింటికి పోవడానికి నేనూ అదే బండిలో పోయి, వాళ్ళ వెనకే ఆఫీసులోకి నడిచాను. ఆఫీసరు మనవాడే, కుర్రవాడు, మర్యాదస్తుడు. లేచి నిలబడి, "కూర్చోండి పెద్దాయనా" అని కుర్చీ జరిపాడు. దొర గొంగడి పరుచుకుని నేలమీదే కూర్చున్నాడు. పాపం ఆ ఆఫీసరుకు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు.

"మన్నే గదా కావాల్సింది? నా చేను తవ్వుకోండి. ఎంత లోతు కావాల్నో అంత తవ్వుకోండి. బురుజు జోలికి రావద్దు" అన్నాడు దొర.

ఆ మాటకు మా ఆయన నావైపు చూశాడు. ఆ చేను పోతే ఆయనకు ఉలవలు కూడా లేవు.

"పోరంబోకు ఉండగా పట్టా భూమి తవ్వితే పైవాళ్ళు నన్ను అడుగుతారండీ. ఆ మట్టిదిబ్బను పట్టుకుని ఎందుకు పెద్దాయనా పట్టుదల? రోడ్డొస్తే మీ ఊరికే కదా మంచిది" అన్నాడు ఆఫీసరు.

పక్కనే నిలబడ్డ కాంట్రాక్టరు, "నీకు గూడా కొంచెం దుడ్లు ఇస్తాంలేప్పా, ఊరుకో. సోమవారం లారీలు వస్తాయి" అన్నాడు.

దొర లేచి, గొంగడి దులిపాడు. కాంట్రాక్టరు మొహంమీద దుమ్ము పడేటట్టే దులిపాడు. బండెక్కి గొంగడి నెత్తిమీదికి లాక్కుని ముడుచుకుని పడుకున్నాడు. నేను పుట్టింటి ప్రయాణం మానుకుని అదే బండిలో వెనక్కి వచ్చాను. ఆయన్ని అట్లా చూసి ధర్మవరం పోవడానికి మనసు రాలేదు.

ఆదివారం పొద్దున్నే తప్పెట కొట్టించాడు. ఊరంతా బండ్లు కట్టుకుని బురుజు దగ్గరికి రావాలని చాటింపు. మేము కొట్లాటకే అనుకున్నాం. మగవాళ్ళు కట్టెలు తెచ్చారు, ఆడవాళ్ళం కారంపొడి కొంగున కట్టుకున్నాం. ఎప్పటిలాగే అందరినీ మాట్లాడమన్నాడు. లారీలకు అడ్డం పడుకుందామని ఒకడు, టైర్లు కోద్దామని ఇంకొకడు, జైలుకు పోదామని అందరూ. అందరిదీ అయ్యాక ఆయన లేచాడు.

"మీరు అడ్డం పండుకుంటే ఒకనాడు ఆగుతారు. రెండోనాడు పోలీసోళ్ళను తెస్తారు. మనోళ్ళ బిడ్డలు జైల్లో ఉంటారు, బురుజు రోడ్డు కింద ఉంటాది. రోడ్డుకు పోతే తొక్కుతారు, చేనికి పోతే తింటారు. ఎత్తండి పారలు. ఈ పొద్దే అంతా చేలకు తోలేయండి."

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరూ కదల్లేదు. ఆయనే గూట్లోకి పోయి అమ్మ రాయిని రుమాల్లో చుట్టి ఎత్తుకొచ్చి మా అత్త ఒళ్ళో పెట్టాడు. తర్వాత గడ్డపార తీసుకున్నాడు.

నేను ఉండబట్టలేక అడ్డం పోయాను. "మేము ఇన్నేండ్లు మెత్తింది పడగొట్టేదానికా? ఒక్క గంపకు మా ఆయన్ని ఊరంతా నడిపిచ్చిన మనిషివి, ఇప్పుడు నువ్వే పొడుస్తావా?" అని అరిచాను. దొరతో అట్లా మాట్లాడిన ఆడది నాకు ముందు లేదు, తర్వాత లేదు.

"నేను నవ్వుతాండానా పిల్లా?" అన్నాడు.

చూశాను. ఆయన చెంపలు తడిసి ఉన్నాయి. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"ఆ పొద్దు ఒక గంప పోతే బురుజు కరుగుతాండె. ఈ పొద్దు ఒక గంప మిగిలితే వాళ్ళకు పోతాది. ఇది నా బురుజు కాదు, మీ చేతులది. నీ చెయ్యి యాడుందో చూసుకోని నీ బండిలో ఏసుకో."

మొదటి పోటు ఆయనే వేశాడు. రెండోది మా ఆయన. తర్వాత ఇంక ఆపేవాళ్ళు లేరు. గూటి పక్కన నా అరచేయి ఉన్న పెళ్ళను నేనే గునపంతో పెళ్ళగించి బండిలో వేశాను, ఏడుస్తూనే. మొదటి బండ్లు వాడలోవాళ్ళ చేలకు పోవాలన్నాడు దొర, ఏటా ఆ మన్ను తొక్కినవాళ్ళలో వాళ్ళ కాళ్ళే ఎక్కువ అని. ఎవరూ కాదనలేదు. సందెవేళకు బురుజు ఉన్నచోట ఎనుములు పొర్లాడే గుంతలాంటి గుంత మిగిలింది. ఎవరి చేలో పోసిన మన్నును వాళ్ళు దున్ని కలిపేశారు.

సోమవారం లారీలు వచ్చాయి, ఆఫీసరు జీపులో వచ్చాడు. గుంత మధ్యలో గొంగడి, గొంగడి మీద దొర.

"ఏదీ? మట్టి ఏదీ?" అన్నాడు ఆఫీసరు.

"చేలల్లో ఉండాది. తీసుకపోండి."

"ఇది సర్కారు ఆస్తి పెద్దాయనా! కేసు పెట్టాల్సి వస్తుంది. ఎవరి చేలో ఉంది?"

"మా చేలో" అన్నాను నేను. నాకే తెలియకుండా అన్నాను. "మా చేలో గూడా" అంది వాడలోంచి వచ్చిన ఒక ముసలామె. తర్వాత ఊరు ఊరంతా అందుకుంది, ఎకరా ఉన్నవాళ్ళూ కుంట ఉన్నవాళ్ళూ.

దొర లేచి ఆఫీసరు చేయి పట్టుకుని దగ్గరి చేలోకి తీసుకుపోయాడు. వంగి పిడికెడు మన్ను తీసి ఆ అబ్బాయి అరచేతిలో పోశాడు. "దీంట్లో ఏది బురుజు మన్ను, ఏది చేను మన్ను? ఏరి చూపించు నాయనా. నేనే నెత్తిన మోసి నీ లారీలో ఏస్తా."

ఆఫీసరు ఆ మన్నును చాలాసేపు చూశాడు. పారేయలేదు, జేబులో వేసుకోలేదు, ఏం చేయాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. "పాండి సార్, ఈడుంటే లారీల బాడుగ దండగ" అన్నాడు కాంట్రాక్టరు. రోడ్డుకు మన్ను చెరువు పూడికనుంచి తీసుకుపోయారు. కేసు రాలేదు. ఊరందరి చేలనూ ముద్దాయిని చేసే చట్టం వీళ్ళ దగ్గరా లేదు.

కొన్నేళ్ళకు దొర పోయాడు. ఏ జబ్బూ లేదు, పొద్దున గుంత చుట్టూ తిరిగి వచ్చి పడుకున్నాడు. ఆయన్ని పూడ్చి మన్ను చేసేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ప్రతి ఇంటివాళ్ళూ తమ చేనునుంచి ఒక ముద్ద తెచ్చారు. తడిపి సమాధి దిబ్బమీద కొట్టి అరచేత్తో అద్దారు. మా ఆయన అద్దినచోట వేళ్ళు కదిలి గుర్తు చెరిగిపోతే మళ్ళీ తడిపి అద్దాడు. గంప మోసిన అవమానం ఆయనకు ఎప్పుడు పోయిందో నాకు తెలియదు కానీ ఆ రోజుకు లేదు. ఆ దిబ్బ ఇప్పుడు లేదు. మెత్తేవాళ్ళు పోయారు, వానలు కరిగించాయి. బాధ లేదంటే అబద్ధం.

ఇదంతా నిన్న సాయంత్రం మా మనవణ్ణి చేనుగట్టు మీద నిలబెట్టి చెప్పాను. గుండును మ్యూజియానికి ఇచ్చేద్దామని వాడు కారు తెచ్చాడు. నేను వద్దన్నాను. అడగనొస్తే ఇస్తామన్నాడు గదా దొర, ఇంకా ఎవరూ అడగనైతే రాలేదు. ఎక్కడ దొరికిందో అక్కడే గుంత తీయించి పూడ్పించి, పైన ఒక ముద్ద మన్ను నేనే కొట్టాను. వంగితే లేవలేని వయసు, అయినా కొట్టాను.

వాడు చుట్టూ చూశాడు. వేరుశెనగ, దాని అవతల కంది, ఇంకా అవతల ఎవరిదో మల్బరీ తోట.

"అంతా బాగానే చెప్తివి గాని, కోట యాడుంది అవ్వా? నాకేం కనపడ్లేదే" అన్నాడు.

"ఒరే, చెప్పులిడిచి నిలబడు. నువ్వు తొక్కుతాండేది ఏమనుకున్యావు?" అన్నాను.